జత తప్పిన పసుపు స్కీ

తొమ్మిదో వారం

ఫ్లోరిన్ స్కీల్లో ఒకటి మంగళవారం నాడు పోయింది. మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలైంది. మంచు దట్టంగా పడుతోంది. ఒటీలియా ఎంగిలి పళ్ళేల తొట్టి దించి, చేతులు తుడుచుకుని, గుడిసె పడమటి గోడ దగ్గరికి వచ్చి చూసింది. ఉండవలసిన చోట పసుపు స్కీ ఒకటి ఉంది. కాని అది ఫ్లోరిన్‌ది కాదు.

ఇంతవరకూ చదువుతూ వచ్చినవారికి ఒటీలియా నేయర్ కొత్త మనిషి కాదు. ఈ వారమే అడుగు పెట్టినవారికి నాలుగు మాటలు చాలు. ఆమెది సరస్సు ఒడ్డున ఉన్న బ్రెగెంజ్. కళ్ళజోళ్ళ కొట్టులో ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం. భర్త ఫ్లోరిన్ ఇంటింటికీ ఉత్తరాలు పంచేవాడు. ఏటా ఫిబ్రవరిలో ఒక వారం ఇద్దరూ ఈ ఫల్‌సూరా కొండకు వచ్చి స్కీలాడి వెళ్ళేవాళ్ళు. అలా ఇరవై రెండేళ్ళు. కిందటి సెప్టెంబరులో అతను ఆపిల్ చెట్టుకు వేసిన నిచ్చెన దిగి, కాస్త కూర్చుంటానని గట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. డిసెంబరులో ఒటీలియా కొట్టుకు సెలవు పెట్టి, ఈ కొండ మీది గుడిసెలో సీజను పనికి చేరింది. వస్తూ నాలుగు స్కీలు తెచ్చుకుంది. రెండు తనవి, రెండు అతనివి.

పేరుకే గుడిసె. నూట నలభై మంది కూర్చుని తినే రెండంతస్తుల చెక్క మేడ. భోజనానికి లోపలికి వెళ్ళేవాళ్ళెవరూ ఇక్కడ రెండు స్కీలనూ ఒకచోట పెట్టరు. ఒకటి తూర్పు గోడకు, ఒకటి పడమటి గోడకు ఆనిస్తారు. జత దొరికితే దొంగకు పండగే గాని, ఒంటి స్కీతో వాడు మాత్రం ఏం చేసుకుంటాడు? మొగుడూ పెళ్ళాలైతే తనదొకటీ, అవతలివారిదొకటీ కలిపి రెండు గోడలకూ పెడతారు. ఫ్లోరిన్ బతికి ఉండగా వాళ్ళూ అలాగే పెట్టేవాళ్ళు. అతను పోయాక ఒటీలియా కూడా అలాగే పెడుతోంది. ఎక్కేవాడు లేని స్కీలను రోజూ బయటికి తేవడం ఎందుకని ఎవరూ అడగలేదు. గుడిసె యజమానురాలు రెసీ ఒకసారి అడగబోయి, మధ్యలో ఉల్లిపాయలు గుర్తొచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

పోయింది స్కీగా చూస్తే మామూలుదే. పదకొండేళ్ళ పాతది. సీజను అయిపోగానే ఏప్రిల్‌లో స్కీల అడుగున ఇస్త్రీపెట్టెతో మైనం కరిగించి మందంగా పూసి అటక ఎక్కిస్తారు, ఆవకాయ మీద నూనె తేల్చి జాడీ మూసినట్టు. మళ్ళీ మంచు పడ్డాక ఆ మైనమంతా గీకి తీసేస్తే గాని స్కీ జారదు. కిందటి ఏప్రిల్‌లో ఫ్లోరిన్ నాలుగింటికీ మైనం పూశాడు. ఆరిందో లేదోనని ఒకదాని ముక్కు దగ్గర, పైకి వంగిన చోట, బొటనవేలితో నొక్కి చూశాడు. ఆరలేదు. వేలిముద్ర పడింది. "ఛ" అన్నాడు. ఒటీలియా నవ్వింది. జరిగింది అంతే.

తన స్కీలు రెండూ ఆమె డిసెంబరులోనే గీకింది. అతనివి గీకలేదు. పోయింది వేలిముద్ర ఉన్నది.

బుధవారం పొద్దున రోప్‌వే నడిపే మెల్కియోర్ కాఫీకి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మెల్కియోర్‌కు రెండు కొలువులు. ఏడాది పొడుగునా రోప్‌వే. ఫిబ్రవరి నెలలో మాత్రం ఊరి నిప్పుల సంఘానికి పెద్ద. చలికాలాన్ని సాగనంపడానికి ఊరి బయట కట్టెలతో గోపురం కట్టి, దాని కొసన మంత్రగత్తె బొమ్మను నిలబెట్టి, నిప్పుల ఆదివారం నాడు తగలబెడతారు. అందుకని ఈ పదిహేను రోజులూ అతని నడకే వేరు.

"నిన్న రోప్‌వే పెట్టెలో వస్తూ ఒక వింత చూశాను రెసీ," అన్నాడు. "కింద వాలులో ఎవడో గానుగెద్దులా తిరుగుతున్నాడు. కుడికాలు ఊరికి పోదామంటోంది, ఎడంకాలు నేను రానంటోంది. మూడు చుట్లు తిరిగాడు. నాలుగో చుట్టులో కూలబడ్డాడు."

"ఎవరు?"

"ఎర్రకోటు. అంతవరకే తెలిసింది. ఆ మంచులో మా ఆవిడ ఎదురొచ్చినా గుర్తుపట్టను."

"మంచు లేకపోయినా నువ్వు గుర్తుపట్టవులే. పోయిన్నెల్లో ఆవిడ జుట్టు కత్తిరించుకుంటే వారం తరవాత అడిగావట."

"అయిదు రోజులు," అన్నాడు మెల్కియోర్.

సింకు దగ్గర ఒటీలియా చేతిలో పళ్ళెం ఆగింది. ఒక కాలు జారి, ఒక కాలు అతుక్కుంది. మైనం గీకని స్కీ అయితేనే అలా అతుక్కుంటుంది.

ఎర్రకోటు అంటే స్కీ బడి మాస్టర్లు. మొత్తం పదకొండు మంది. వాళ్ళకొక నియమం ఉంది. ఎర్రకోటు తొడుక్కుని పడ్డవాడు, తరవాత ఇంకొకడు పడేదాకా మెళ్ళో ఆవుగంట కట్టుకు తిరగాలి. పాఠం చెప్పేటప్పుడూ, అన్నం తినేటప్పుడూ, ఆదివారం చర్చిలో కూడా. ఇప్పుడా గంట యోడోక్ అనే మాస్టారి మెడలో ఉంది. మూడు వారాలైంది. రాత్రి పక్క మీద దొర్లినా మోగుతోందని అతని గదిలో వాడు మకాం మార్చేశాడు. ఈ నియమం పెట్టింది స్కీ బడి పెద్ద గెబ్‌హార్డ్ వల్లాస్టర్. పెట్టి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. ఆ గంట అందరి మెడలూ చూసింది, ఆయన మెడ తప్ప.

అనాథగా మిగిలిన ఆ పసుపు స్కీని ఒటీలియా అటక మీద తన గదికి తెచ్చి, దీపం కింద పెట్టి పరీక్షగా చూసింది. అంచులు కత్తిలా సాన పట్టి ఉన్నాయి. బూటు బిగించే చోట కొలత ఫ్లోరిన్ బూటు కొలతే. పెద్ద పాదం. ఎర్రకోట్లలో అంత పాదం ఉన్నవాళ్ళు ముగ్గురు. ఇద్దరిని అడిగింది. వాళ్ళ జతలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. మూడోవాణ్ణి అడగడానికి అతను గుడిసెకు వస్తేగా!

"మూల బల్ల చూశావా ఒటీ?" అంది రెసీ గురువారం నాడు. పిండి గరిటె చేతిలో ఉంది. "ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మధ్యాహ్నం పన్నెండున్నరకు గెబ్‌హార్డ్ అక్కడ కూర్చుని నా చీజు ముద్దలు తింటాడు. పక్కన ఆపిల్ గుజ్జు. పెళ్ళి నాడు కూడా వచ్చి తినిపోయాడు. అలాంటివాడు రెండు రోజులుగా లేడంటే, చచ్చిపోయి ఉండాలి, లేదా తప్పు చేసి ఉండాలి. చావు కబురైతే రాలేదు." ఆ మాట అనేసి నాలుక కరుచుకుంది. "నా నోట్లో మన్ను పడ. నీ ముందర అనాల్సిన మాటా ఇది."

"ఫరవాలేదు రెసీ. చచ్చిపోయినవాళ్ళు ఎవరి స్కీలూ పట్టుకుపోరు," అంది ఒటీలియా. రెసీ నవ్వాలో వద్దో తెలియక ముద్దల కేసి తిరిగింది.

శుక్రవారం దక్షిణపు గాలి లేచింది. పదకొండింటికల్లా వాలులన్నీ మూసేశారు. రెండింటికి రోప్‌వే కూడా ఆపేస్తామని కబురొచ్చింది. "కిందికి పో. పోయి ఆయన ఇంటి తలుపే కొట్టు," అని రెసీ ఒటీలియా చేతిలోంచి పళ్ళేల తొట్టి లాక్కుంది. ఒటీలియా ఆ పసుపు స్కీని చంకన పెట్టుకుని పై స్టేషనుకు వెళ్ళింది. చివరి పెట్టె. లోపల కూర్చుంది. స్కీని బయటి తొట్టిలో పెట్టకుండా మోకాళ్ళ మధ్య నిలబెట్టి పట్టుకుంది. తలుపు మూసుకోబోతుండగా ఎర్రకోటొకటి పరిగెత్తుకు వచ్చి లోపలికి దూకింది.

తలుపు మూసుకుంది. పెట్టె కదిలింది. గెబ్‌హార్డ్ వల్లాస్టర్ తల తిప్పి, మొదట ఒటీలియాను చూశాడు, తరవాత స్కీని చూశాడు, ఆ తరవాత తలుపు కేసి చూశాడు. ఆలస్యమైపోయింది.

అరవై ఒక్క ఏళ్ళ మనిషి. కళ్ళ చుట్టూ స్కీలాటలో పెట్టుకునే నల్లద్దాల మేర తెల్లగా, మిగతా మొహమంతా ఎండకు కాలి ఇటుకలా ఉంటుంది. గుడ్లగూబకు మీసం పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటాడని ఫ్లోరిన్ అనేవాడు.

"గాలి బాగా లేచింది," అన్నాడు.

"లేచింది," అంది ఒటీలియా.

నాలుగు స్తంభాలు దాటారు. మధ్య స్టేషను ఇంకా కింద ఉందనగా పెట్టె ఒక్కసారి ముందుకు ఊగి, వెనక్కి ఊగి, ఆగిపోయింది. కప్పులోని స్పీకరులోంచి మెల్కియోర్ గొంతు వచ్చింది. "గాలి తగ్గేదాకా ఆపాను. భయపడకండి. భయపడ్డా తలుపు తెరుచుకోదు."

ఒక మాట చెప్పాలి. ఈ కొండ మీద మధ్య స్టేషనుకు పైన అందరూ అందరికీ 'నువ్వు'. పాదిరీ గారైనా, బ్యాంకు మేనేజరైనా, పళ్ళేలు కడిగే మనిషైనా అంతే. మధ్య స్టేషను దాటి కిందికి దిగితే మళ్ళీ అందరూ 'మీరు'. ఎవరు పెట్టారో తెలియదు గాని, వానాకాలం ఎండాకాలం ఉన్నట్టే అదీ ఉంది. పెట్టె ఆగింది 'నువ్వు' ఉన్న చోట.

"గెబ్‌హార్డ్, ఈ స్కీ ఎవరిదో తెలుసా?"

ఆయన కిటికీలోంచి చూశాడు. "స్కీ."

"స్కీ అని నాకూ తెలుసు. ఎవరిదని అడిగాను."

"ఈ కొండ మీద నాలుగు వేల స్కీలున్నాయి. అన్నిటికీ నేను బారసాల చేశానా?"

"నీ పసుపు జత ఏది? మంగళవారం నుంచీ నల్లవి వేసుకుంటున్నావట."

"మార్చాను. పసుపు విసుగెత్తింది."

"పదేళ్ళకా?"

"విసుగు ఎప్పుడు పుడుతుందో ఎవరికి తెలుసు?" అని జేబులోంచి ఫోను తీసి, చెయ్యి బారుగా చాచి, తల వెనక్కి వంచి, కళ్ళు చికిలించి చూశాడు. "సిగ్నల్ లేదు," అని జేబులో పెట్టేసుకున్నాడు.

ఎదుటి బెంచీ మీంచి ఒటీలియాకు సిగ్నల్ గీతలు నాలుగూ స్పష్టంగా కనబడ్డాయి.

ఇరవై ఆరేళ్ళలో కళ్ళజోళ్ళ కొట్టులో ఎంతమంది మగవాళ్ళను చూసిందో! అక్షరం కనబడటం లేదని ఒప్పుకోవడం కంటే ఏదో ఒక అక్షరం ఊహించి చెప్పడం మేలనుకునే జాతి. వాళ్ళతో వాదించకూడదు. బోర్డు చూపించి ఊరుకోవాలి.

"నీ పక్కన గోడకు కాగితం అంటించి ఉంది. అందులో ఏముందో కాస్త చదివి పెట్టు," అంది.

"ఎందుకు?"

"కళ్ళజోడు పైనే మరిచిపోయాను," అంది. అబద్ధం చెప్పడం ఆమెకు అలవాటు లేదు. కాని ఇది అచ్చమైన అబద్ధం. ఆమెకు కళ్ళజోడు లేదు.

గెబ్‌హార్డ్ గొంతు సవరించుకున్నాడు. కాగితం కేసి తిరిగి, పిల్లలకు పాఠం చెప్పే కంఠంతో మొదలుపెట్టాడు. "పెట్టెను ఊపరాదు. తలుపు తెరవరాదు. పొగ తాగరాదు. స్కీలను బయటి తొట్టిలో పెట్టవలెను. చూశావా, నువ్వు లోపల పట్టుకుని కూర్చున్నావు. పెట్టె ఆగినచో సిబ్బంది సూచనల కొరకు వేచి ఉండవలెను."

"బాగా చదివావు," అంది ఒటీలియా.

"చదవక!"

"ఆ కాగితం క్రిస్మసుకు ముందే తీసేశారు గెబ్‌హార్డ్. ఇప్పుడున్నది నిప్పుల ఆదివారం ప్రకటన. సాయంత్రం ఏడింటికి నిప్పు పెడతారట. మధ్యలో మంత్రగత్తె బొమ్మ కూడా ఉంది."

గాలికి పెట్టె కిర్రుమంది. గెబ్‌హార్డ్ కాగితం కేసి చూశాడు. తల కొంచెం వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు.

"బొమ్మ ఉందని నాకు తెలుసు," అన్నాడు.

"చెప్పలేదేం?"

"నువ్వు చదవమన్నావు. చూడమనలేదు."

ఒటీలియా నవ్వు ఆపుకోలేదు. ఆపుకుందామనుకుంది గాని ఆగలేదు. సెప్టెంబరు తరవాత పైకి వినబడేలా నవ్వడం ఇదే మొదలు. తన నవ్వు తనకే కొత్తగా వినబడి, స్కీని గట్టిగా పట్టుకుంది. గెబ్‌హార్డ్ మాత్రం నవ్వలేదు. ఇటుక రంగు మొహం ఇంకా ఎర్రబడింది.

"దూరం బాగానే కనబడుతుంది," అన్నాడు. "అదిగో, ఆ ఎదుటి శిఖరం కింద కొండమేకలు. ఏడున్నాయి. ఒకదానికి కొమ్ము విరిగింది. కనబడుతోందా నీకు?"

ఆమెకు కొండే సరిగ్గా కనబడలేదు.

"దగ్గరవే పోయాయి. మూడేళ్ళుగా. కళ్ళజోడు పెట్టుకుంటే పిల్లకాయలు నవ్వుతారు."

"నవ్వరు. పెద్దవాళ్ళే నవ్వుతారు. మంగళవారం ఏం జరిగింది?"

ఇక చేసేదేమీ లేదని ఆయనకు తెలిసిపోయింది. పెట్టెకు కింద నలభై మీటర్ల గాలి, ఎదుట ఒటీలియా. టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"మంచు పడుతోంది. స్కీల మీద నాలుగు వేళ్ళ మందాన పేరుకుంది. తూర్పు గోడ దగ్గర నాదొకటి తీసుకున్నాను. పడమటి గోడకు వచ్చి పసుపు ముక్కు కనబడితే ఇంకొకటి లాగాను. బూటు సరిగ్గా పట్టింది. బయల్దేరాను." ఆగాడు. "కుడికాలు పోయింది. ఎడంకాలు రాలేదు."

"మూడు చుట్లట."

"నాలుగు." ఆ సంఖ్యలో కూడా తక్కువ కావడం ఆయనకు నచ్చినట్టు లేదు. "ఒటీ, నాకు తప్పు స్కీదని తట్టలేదు. నా కాలే పోయిందనుకున్నాను. మా నాన్నకు నా వయసులోనే పక్షవాతం వచ్చింది. ఎడం పక్కే. మంచులో కూర్చుని కాలు గిల్లి చూసుకున్నాను. బూటు మీద గిల్లితే ఏం తెలుస్తుంది? మోకాలి పైన గిల్లాను. నొప్పి పుట్టింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ తరవాత స్కీ తిప్పి చూసి, ఏ గాడిద కొడుకు ఫిబ్రవరి దాకా మైనం గీకకుండా పెట్టుకున్నాడురా అని తిట్టాను." గతుక్కుమన్నాడు. "ఫ్లోరిన్‌దని అప్పుడు తెలియదు."

"తిట్టినా ఏమీ అనుకోడు. మైనం అతుక్కుని మూడు చుట్లు తిరిగావంటే..."

"నాలుగు."

"...నాలుగు తిరిగావంటే, పడీ పడీ నవ్వేవాడు." ఒటీలియా తన చేతిలోని స్కీ ముక్కును తాకింది. "ముక్కు దగ్గర చూశావా? పైకి వంగిన చోట?"

"చూస్తే మాత్రం నాకేం కనబడుతుంది? ఏముంది అక్కడ?"

ఆమె చెప్పింది. ఏప్రిల్, ఇస్త్రీపెట్టె, మైనం, బొటనవేలు. నాలుగు వాక్యాల్లో అయిపోయింది. అయిదో వాక్యం చెప్పలేదు.

గెబ్‌హార్డ్ మోకాళ్ళ మీది టోపీని తిప్పాడు.

"నేను దాన్ని గీకలేదు," అన్నాడు. "అంతవరకు ఒట్టు. జారిందే రెండు వందల మీటర్లు, అదీ గుండ్రంగా. ముక్కు మంచుకు తగలదు. చేత్తో తడిమి చూశాను. అక్కడ ఒక గుంట తగిలింది." కుడిచేతి తొడుగు లాగి, బొటనవేలు ఎత్తి, దాన్నే కొత్తగా చూస్తున్నట్టు చేయి బారుగా చాచి చూశాడు. "నా వేలు సరిగ్గా పట్టింది అందులో."

ఒటీలియా ఆ వేలు కేసి చూసి, కిటికీ కేసి తిరిగింది. కొండమేకలు ఇప్పుడూ కనబడలేదు.

స్పీకరు గురగురలాడింది. పెట్టె కదిలింది.

"ఎక్కడుంది గెబ్‌హార్డ్?"

ఆయన నోరు తెరిచేసరికి పెట్టె మధ్య స్టేషనులోకి దూరి, కప్పు కింద చీకట్లో గడగడమని, అవతలి వైపు వెలుతురులోకి వచ్చింది. గెబ్‌హార్డ్ వెన్ను నిటారుగా పెట్టి టోపీ పెట్టుకున్నాడు.

"నేయర్ గారూ, ఆ విషయం కింద తీరిగ్గా మాట్లాడుకుందాం. మీకు శ్రమ కాకపోతే."

"వల్లాస్టర్ గారూ, మీరు ఇప్పుడే చెప్పండి. నాకేమీ శ్రమ లేదు."

'నువ్వు'తో చేసిన తప్పు 'మీరు'తో చెప్పుకోవడం ఎంత కష్టమో ఆయన మొహం చూస్తే తెలిసింది. మాట మాటకూ మర్యాద అడ్డొచ్చింది. మొత్తానికి తేలింది ఇది. పడ్డ తరవాత ఆయన స్కీలు విప్పి, ఎవరి కంటా పడకుండా అడవి దారిన నడిచి రోడ్డెక్కాడు. అక్కడ నిప్పుల సంఘం ట్రాక్టరు ఆగి ఉంది. ఇంటింటా ఏరిన ఎండు క్రిస్మసు చెట్లూ, విరిగిన కుర్చీలూ, కంచె చెక్కలూ అందులో ఉన్నాయి. నడిపేవాడు ఎవరింట్లోనో కాఫీ తాగుతున్నాడు. గెబ్‌హార్డ్ ఆ మైనం స్కీని చెట్ల కొమ్మల కిందికి తోసి, తన ఒంటి స్కీతో ఇంటికి పోయాడు.

"కాలిపోతుందనుకున్నాను నేయర్ గారూ. కాలిపోతే నేను పడ్డానని ఎవరికీ తెలియదనుకున్నాను. ఎవరో అద్దెకు తెచ్చుకున్నవాళ్ళ పాత స్కీ అనుకున్నాను గాని..." ఆ వాక్యానికి మర్యాదగల ముగింపు దొరక్క వదిలేశాడు.

"ఇప్పుడు ఆ కట్టెలు?"

"గోపురం కట్టేశారు. పద్దెనిమిది మీటర్లు. అడుగున ఎక్కడో ఉండి ఉంటుంది."

కింద దిగాక ఇద్దరూ ఊరి వెనక బయలు వైపు నడిచారు. ముందు ఒటీలియా, చంకలో స్కీతో. వెనక గెబ్‌హార్డ్, తప్పు చేసి మాస్టారి వెంట నడిచే పిల్లవాడిలా. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన వెనక నడిచినవాళ్ళను ఊరు చూసింది గాని, ఆయన ఒకరి వెనక నడవడం చూడలేదు. రొట్టెల కొట్టు ఆవిడ గుమ్మంలోకి వచ్చి మరీ చూసింది.

మెల్కియోర్ వాళ్ళకంటే ముందే వచ్చి గోపురం కింద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. రోప్‌వే ఆపేసిన ఆనందం, గోపురం పూర్తయిన ఆనందం, రెండూ మొహంలో ఉన్నాయి.

"సరైన సమయానికి వచ్చారు! పొద్దున్నే ఎక్కించాం. చూడండి ఎలా ఉందో!"

ఒటీలియా తలెత్తి చూసింది.

పద్దెనిమిది మీటర్ల కట్టెల కొసన, వాసానికి కట్టిన మంత్రగత్తె గాలికి అటూ ఇటూ ఊగుతోంది. పాత పరుపు గుడ్డతో కుట్టిన ఒళ్ళు, నల్ల గౌను, ఎర్ర రుమాలు. ఒక చేతిలో చీపురు. గౌను కిందినుంచి ఒక కాలు ముందుకు చాచి ఉంది. ఆ కాలికి పసుపు స్కీ.

"ఏటా చీపురేనా అనిపించింది," అన్నాడు మెల్కియోర్. "ఎవరో పుణ్యాత్ములు బండిలో స్కీ పడేశారు. ఒక్కటే. రెండోదాని కోసం ఊరంతా అడిగించాను, దొరకలేదు. పోనీలే, మంత్రగత్తెకు ఒంటికాలి విద్య రాదా ఏం! ఎలా ఉంది మాస్టారూ?"

"బాగుంది," అన్నాడు గెబ్‌హార్డ్.

"మెల్కియోర్ గారూ," అంది ఒటీలియా, "అందులోంచి ఒక వస్తువు తిరిగి కావాలంటే?"

మెల్కియోర్ ఆమెను జాలిగా చూశాడు. "మీది సరస్సు పక్క ఊరు, మీకు తెలియదులెండి. మంత్రగత్తె ఎక్కాక గోపురంలోంచి పుల్ల కూడా తీయం. మా తాతల నాడు ఎవరో సందూకం ఇచ్చి, అందులో ఏదో మరిచిపోయామని తీయించుకున్నారట. ఆ ఏడు జూన్ దాకా మంచు కరగలేదు. పశువులకు గడ్డి లేదు. అప్పట్నుంచీ ఒకటే పద్ధతి. ఇచ్చినవాడు స్వయంగా వచ్చి, సంఘం అందరి ముందూ, ఇది నేను ఇచ్చాను, ఎందుకిచ్చానంటే ఇందుకు, నాకు తిరిగి కావాలి, అని చెప్పుకోవాలి. అప్పుడైతే దించుతాం. నా ఎరుకలో ఎవరూ అడగలేదు." కొంచెం ఆలోచించాడు. "అడిగినా త్వరగా అడగాలి. రేపు సాయంత్రం దాని కడుపులో మందుగుండు కూరుతాం. ఆ తరవాత దేవుడు అడిగినా దించం."

గాలి ఒక్కసారి విసిరింది. మంత్రగత్తె సగం తిరిగింది. స్కీ అడుగు భాగం వాళ్ళ వైపుకు వచ్చి, ఎండలో మైనం మెరిసింది. ఒటీలియా కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. మెరుపు తప్ప ఏమీ కనబడలేదు.

"ఉంది," అన్నాడు గెబ్‌హార్డ్ పక్కనుంచి, ఆమెకు మాత్రమే వినబడేలా. తల ఎత్తి, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. "ముక్కు దగ్గర. చిన్న మచ్చలా. గుండ్రంగా ఉంది."

"ఏమిటి మాస్టారూ?" అన్నాడు మెల్కియోర్. "ఏమన్నా అన్నారా?"

గెబ్‌హార్డ్ నోరు తెరిచాడు. అప్పుడే చర్చి పక్క సందులోంచి ఆవుగంట చప్పుడు వినబడింది. టంగు, టంగు. యోడోక్ రొట్టెలు కొనుక్కుని గదికి పోతున్నాడు. తల వంచుకుని, మెడ ఒక పక్కకు వాలేసుకుని, అడుగుకొక మోత. గెబ్‌హార్డ్ ఆ చప్పుడు సందు చివరిదాకా పోయేవరకూ విన్నాడు.

"గాలి బాగా లేచింది అంటున్నాను," అన్నాడు.

"లేచింది లేచింది," అని మెల్కియోర్ తాళ్ళు బిగించడానికి గోపురం అవతలికి వెళ్ళాడు.

ఒటీలియా తన చేతిలోని పసుపు స్కీని గెబ్‌హార్డ్ చేతికిచ్చింది. ఆయన దాన్ని పుచ్చుకున్నాడు. తనది కాదనలేదు.

"అడుగు, గెబ్‌హార్డ్," అంది.

మధ్య స్టేషనుకు ఎంతో కింద, చర్చి గడియారం కనబడే చోట, 'నువ్వు' అంది. ఆయన ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. ఎవరూ వినలేదు. ఆయన మాత్రం విన్నాడు.

నిప్పు పెట్టేది ఆదివారం సాయంత్రం ఏడింటికి. మందుగుండు కూరేది శనివారం సాయంత్రం. ఇప్పుడు శుక్రవారం మూడున్నర. ఇచ్చినవాడు ఇంకా అడగలేదు.